వీల్స్ మార్చాక టైర్ ప్రెజర్ లైటు: అపోహలు - వాస్తవాలు

టైర్ల పనిలో ఉన్న మా దగ్గరికి ఈమధ్య తరచుగా వస్తున్న ఫిర్యాదు డాష్‌బోర్డులో వెలిగే ఒక పసుపు లైటు గురించి. టైరు బొమ్మ మధ్యలో ఆశ్చర్యార్థకం ఉంటుంది, అదే. కొత్త అల్లాయ్ వీల్స్ వేయించాకో, స్టెప్నీ ఎక్కించాకో, ముందు టైర్లు వెనక్కి మార్పించాకో వెలుగుతుంది. ఇక సలహాలు మొదలవుతాయి. పంక్చర్ అని ఒకరు, సెన్సార్ పోయిందని ఒకరు, బ్యాటరీ వైరు పీకి పెట్టమని ఇంకొకరు. అసలు చూడాల్సింది వేరే ఉంది. ఆ ఒక్క లైటే రెండు సంగతులు చెబుతుంది: గాలి తగ్గింది అని, లేదా గాలి ఎంతుందో నాకు తెలియడం లేదు అని. వీల్స్ మార్చిన వెంటనే వచ్చేది ఎక్కువసార్లు రెండోదే.

అపోహ: లైటు వెలిగిందంటే ఏదో ఒక టైరులో గాలి పోయినట్టే

బండి స్టార్ట్ చేశాక మొదటి నిమిషంన్నర ఆ లైటునే చూడండి. కదలకుండా వెలుగుతూ ఉంటే గాలి తక్కువైందని చెబుతోంది. నిమిషం పైగా టపటపా కొట్టుకుని, ఆ తర్వాత నిలకడగా వెలిగితే వ్యవస్థలోనే లోపం ఉంది. అంటే ఏదో వీల్‌లో సెన్సార్ లేదు, ఉన్నా పలకడం లేదు, లేదా దాన్ని కారు గుర్తుపట్టడం లేదు.

ఈ పద్ధతి ఎక్కువగా అమెరికా నిబంధన నుంచి వచ్చింది. 2000లో ఫైర్‌స్టోన్ టైర్లు పాడై ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ ఎస్‌యూవీలు బోల్తా పడ్డ గొడవ అయ్యాక అక్కడ చట్టం చేశారు. 2007 సెప్టెంబరు నుంచి తయారైన కొత్త కార్లన్నింటిలో టీపీఎంఎస్, అంటే టైర్లలో గాలి ఒత్తిడిని కనిపెట్టి చూసే వ్యవస్థ, ఉండి తీరాలన్నారు. ఒకే లైటుతో రెండు పనులూ చేయించే కారైతే, లోపం ఉన్నప్పుడు అది 60 నుంచి 90 సెకన్లు మినుకుమని తర్వాత వెలుగుతూ ఉండాలి. మన రోడ్ల మీద తిరిగే చాలా కార్లు కూడా ఇదే పాటిస్తాయి.

మినుకుమంటోంది కదా, గాలి బాగానే ఉందిలే అనుకోవద్దు. తనకు తెలియడం లేదని కారే చెబుతోంది కాబట్టి గేజి పెట్టి చూసుకోవాల్సింది మీరే.

ఇంకో సంగతి. షాపులో ఉన్నంతసేపు లైటు లేదు, ఇంటికి చేరేలోపు వచ్చింది, కాబట్టి దారిలో ఏదో అయింది అనుకుంటారు. దారిలో ఏమీ కాలేదు. సెన్సార్ నుంచి కబురు రాకపోతే కారు వెంటనే లోపం అనదు. కొంతసేపు ఎదురుచూస్తుంది, ఇరవై నిమిషాలు పట్టినా పట్టొచ్చు.

అపోహ: ప్రతి కారు వీల్‌లోనూ సెన్సార్ ఉంటుంది, వీల్ మారిస్తే సెన్సార్ కొనాల్సిందే

డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. ఈ వ్యవస్థల్లో రెండు రకాలున్నాయి.

ఒకటి డైరెక్ట్. ప్రతి వీల్ లోపల, వాల్వ్ అడుగున ఒక చిన్న సెన్సార్ ఉంటుంది. అది గాలి ఒత్తిడిని కొలిచి రేడియో ద్వారా కారుకు పంపుతుంది. హ్యుందాయ్, కియా బ్రోషర్లలో 'హైలైన్' అని రాసేది ఇదే. మహీంద్రా ఎక్స్‌యూవీ700లో ఉన్నదీ ఈ రకమే. స్క్రీన్ మీద ఒక్కో టైరుకీ ఇన్ని పీఎస్ఐ అని అంకె కనిపిస్తే మీ కారు ఈ కోవలోదే.

రెండోది ఇన్‌డైరెక్ట్. టాటా వాళ్లు ఐటీపీఎంఎస్ అంటారు, హోండా సిటీలో డిఫ్లేషన్ వార్నింగ్ అంటారు, ఫోక్స్‌వ్యాగన్ టైగన్, వర్టస్, స్కోడా కుషాక్‌లలో ఉన్నదీ ఇదే. వీల్‌లో ఏ సెన్సారూ ఉండదు. బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ కోసం ప్రతి చక్రం దగ్గరా వేగం కొలిచే సెన్సార్ ఎలాగూ ఉంటుంది, దాని లెక్కనే వాడుకుంటుంది. గాలి తగ్గిన టైరు కొంచెం కుంగుతుంది కాబట్టి మిగతా మూడింటికంటే కొద్దిగా ఎక్కువసార్లు తిరుగుతుంది. ఆ తేడా పట్టుకుని లైటు వేస్తుంది.

ఇన్‌డైరెక్ట్ కారుకి వీల్స్ మారిస్తే కొనాల్సింది ఏమీ లేదు, చెప్పాల్సింది ఒక్కటే ఉంది. టైర్లు మారాయి, ఇప్పటి తీరునే సరైనదిగా లెక్కపెట్టుకో అని చెప్పాలి. సెట్టింగ్స్‌లో టైర్ ప్రెజర్ రీసెట్ అనో, సెట్ అనో, క్యాలిబ్రేట్ అనో ఉంటుంది. కొన్ని కార్లలో విడిగా బటన్ ఉంటుంది. అది నొక్కడంతో పని అయిపోదు. కారు కొత్త లెక్క నేర్చుకోవడానికి కొంత ప్రయాణం చేయాలి. హోండాలో అయితే ఓ మోస్తరు వేగంలో అటూ ఇటూగా అరగంట. సిటీ ట్రాఫిక్‌లో పాకుతూ వెళ్తే ఆ లెక్క తేలదు, హైవే ఎక్కించాలి.

రీసెట్ నొక్కేముందు నాలుగు టైర్లలోనూ గాలి సరిగ్గా ఉండాలి. ఇది మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఒక టైరులో 24 ఉండగా రీసెట్ కొడితే కారు ఆ 24నే సరైనదని నేర్చుకుంటుంది. లైటు ఆరిపోతుంది, ఓనరుకి సంతోషం, టైరు మాత్రం అంచుల్లో అరుగుతూ పోతుంది. చాలామంది ఈ రీసెట్‌ను లైటు ఆర్పే స్విచ్ అనుకుంటున్నారు. మా పనివాళ్లలోనూ అలా అనుకునేవాళ్లున్నారు.

అపోహ: సెన్సార్ బిగించాం కదా, నాలుగు కిలోమీటర్లు తిప్పితే అదే కలిసిపోతుంది

కొన్ని కార్లలో నిజమే. ప్రతి సెన్సార్‌కీ ఒక ఐడీ నంబర్ ఉంటుంది. కొన్ని కార్లు తమతో పాటు కదులుతున్న కొత్త ఐడీలను పావుగంట, అరగంట ప్రయాణంలో వాటంతట అవే పట్టుకుంటాయి. కొన్నింటికి స్కానర్ పెట్టి నాలుగు ఐడీలనూ కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. చాలా టయోటాల తీరు ఇది. డాలస్‌లోనో డెట్రాయిట్‌లోనో ఉండి షెవర్లే, ఫోర్డ్ నడిపే మనవాళ్లకి మూడో పద్ధతి పరిచయమే. కారును కొత్త సెన్సార్లు నేర్చుకునే లెర్న్ మోడ్‌లో పెట్టి, చేతి టూల్‌ను ఒక్కో వాల్వ్ దగ్గర పెట్టాలి. డ్రైవర్ వైపు ముందు వీల్‌తో మొదలుపెట్టి చుట్టూ తిరగాలి. గుర్తుపట్టిన ప్రతిసారీ హారన్ మోగుతుంది. మీ కారుది ఏ పద్ధతో ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటుంది. యూట్యూబ్ కంటే ముందు దాన్ని చూడండి.

చలి దేశాల్లో చలికాలం టైర్లకి విడిగా ఇంకో సెట్ వీల్స్ ఉంచుకుంటారు. ఏడాదికి రెండుసార్లు మార్చిన ప్రతిసారీ ఈ తతంగం ఎందుకనుకుంటే ఒక చక్కని దారి ఉంది. ప్రోగ్రామ్ చేయగల ఖాళీ సెన్సార్లు దొరుకుతాయి. పాత సెన్సార్ల ఐడీలను వాటిలోకి కాపీ చేయించుకుంటే కారు దృష్టిలో రెండు సెట్లూ ఒకటే. కాకపోతే రెండో సెట్ కారుకి దూరంగా ఉండాలి, లేకపోతే ఒకే నంబరుతో రెండు సెన్సార్లు పలుకుతాయి.

టైర్ల స్థానాలు మార్పించినప్పుడు వచ్చే చిక్కు వేరే. డైరెక్ట్ రకంలో సాధారణంగా లైటు రాదు కానీ కొన్ని కార్లలో స్క్రీన్ అబద్ధం చెబుతుంది. ముందు కుడి టైరు 26 అని చూపిస్తుంది. ఓనరు దానికి గాలి కొట్టిస్తే అంకె కదలదు, ఎందుకంటే ఆ సెన్సార్ ఇప్పుడు వెనక కుడివైపు ఉంది. ఇక ముందు టైరులో 40 దాటేదాకా కొట్టించి, "సెన్సార్ పాడైంది" అంటూ వస్తారు. రొటేషన్ చేయించిన రోజే స్థానాలు నేర్పించమని అడగండి.

అపోహ: సెన్సార్ అంటే సెన్సారే, చూడ్డానికి ఒకేలా ఉంటే సరిపోతుంది

అమెరికా నుంచి వస్తూ బావగారు తెచ్చిన సెన్సార్లు బిగించమని అడిగేవాళ్లున్నారు. అక్కడ చౌకగా దొరుకుతాయి, కారు మోడల్ పేరూ అదే, ఆకారమూ అదే. కానీ అక్కడి చాలా కార్లవి 315 మెగాహెర్ట్జ్ సెన్సార్లు. ఇక్కడ, యూరప్‌లో వాడేది 433. మీ కారు రిసీవర్ 433 వింటుంటే 315లో పలికే సెన్సార్ ఎంత మంచిదైనా దానికి వినిపించదు. బిగించాక టైరు విప్పి మళ్లీ తీయాలి, రెండుసార్ల కూలీ. కొనేముందు పాత సెన్సార్ మీద ఉన్న పార్ట్ నంబర్, ఫ్రీక్వెన్సీ ఫోటో తీసుకోండి.

అపోహ: బ్యాటరీ టెర్మినల్ పది నిమిషాలు పీకితే లైటు పోతుంది

పోదు. పోయినా కాసేపటికి తిరిగి వస్తుంది. మీ మ్యూజిక్ సిస్టం సెట్టింగ్స్, గడియారం మాత్రం పోవచ్చు.

అపోహ: టైరు మీద రాసి ఉన్న అంకె దాకా గాలి కొట్టించాలి

టైరు పక్కన అచ్చు వేసి ఉండేది గరిష్ఠ ఒత్తిడి. మీ కారుకి కావాల్సిన అంకె డ్రైవర్ డోర్ తీస్తే పక్క స్తంభం మీద స్టిక్కర్‌లో ఉంటుంది. పెట్రోల్ మూతకి వెనక అంటించే కంపెనీలూ ఉన్నాయి. ఖాళీ బండికి ఒకటి, నిండా జనం, సామానుతో ఉన్న బండికి ఒకటి రాస్తారు. రెండూ చల్లని టైరుకి చెప్పిన లెక్కలే. అంగుళం పెద్ద వీల్స్ వేసినా, బయటి వ్యాసం అంతే ఉండేలా టైరు ఎంచుకున్నా, ముందు ఈ స్టిక్కర్ దగ్గరే మొదలుపెట్టండి. టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే లోడ్ ఇండెక్స్ తగ్గిందేమో కూడా అడగండి.

అపోహ: పొద్దున్నే వెలిగి మధ్యాహ్నానికి ఆరిపోతోంది, కాబట్టి సెన్సార్‌దే తప్పు

ఇది చలికాలం కేసు. ఉష్ణోగ్రత పది డిగ్రీలు మారితే టైరులో ఒకటిన్నర పీఎస్ఐ దాకా తేడా వస్తుంది. మధ్యాహ్నం నడిచి నడిచి వేడెక్కిన టైరుకి 33 కొట్టించారనుకోండి, లోపలి గాలి 45 డిగ్రీల దగ్గర ఉంది. ఆ రాత్రి ఆదిలాబాద్‌లో బండి ఆపితే, తెల్లారేసరికి 8 డిగ్రీలకి దిగితే, 33 కాస్తా 27 దగ్గరికి వస్తుంది. ముందే నాలుగు తక్కువ ఉన్న టైరైతే లైటు వెలగడం ఖాయం. కాస్త దూరం నడిచి టైరు వేడెక్కితే అదే ఆరిపోతుంది. సెన్సార్ ఉన్నది ఉన్నట్టే చెప్పింది. తెల్లారి బండి తీయకముందే గాలి చూసి సరిచేస్తే ఆ కథ ముగుస్తుంది. నైట్రోజన్ నింపిస్తే ఈ తేడా రాదని చెప్పేవాళ్ల మాట నమ్మకండి. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది, వేడికీ చలికీ రెండూ దాదాపు ఒకేలా పెరుగుతాయి, తగ్గుతాయి.

అపోహ: స్టెప్నీ వేశాక లైటు వస్తే స్టెప్నీలో గాలి లేదని అర్థం

చాలా కార్లలో స్టెప్నీకి సెన్సార్ ఉండదు, అందుకే వ్యవస్థ దాన్ని లోపంగా చూస్తుంది. అల్లాయ్‌కి బదులు చిన్న స్టీలు రిమ్ము ఇచ్చిన కార్లలో సైజు తేడా వల్ల ఇన్‌డైరెక్ట్ వ్యవస్థ కూడా గందరగోళపడుతుంది. అసలు వీల్ తిరిగి వేశాక, గాలి చూసి, రీసెట్ చేయాలి. స్టెప్నీకీ సెన్సార్ ఇచ్చిన పెద్ద ఎస్‌యూవీలు కొన్ని ఉన్నాయి. వాటిలో కింది నాలుగూ బాగున్నా లైటు వెలుగుతుంటే డిక్కీలోనో, అడుగునో ఉన్న అయిదోదాన్ని చూడండి.

2020లో కేంద్రం నిబంధనలు మార్చాక, ట్యూబ్‌లెస్ టైర్లు, టీపీఎంఎస్, పంక్చర్ రిపేర్ కిట్ ఉన్న కార్లు స్టెప్నీ లేకుండానే రావచ్చు. అలాంటి కారులో ఈ లైటును పట్టించుకోకపోవడం మరీ ప్రమాదం.

అపోహ: టైరు మార్చేవాళ్లే సెన్సార్ విరగ్గొడతారు

కొన్నిసార్లు నిజమే. టైరును రిమ్ము నుంచి విడదీసే బీడ్ బ్రేకర్‌ను వాల్వ్ దగ్గర నొక్కితే సెన్సార్ అక్కడే పగులుతుంది. అందుకే బండి అప్పగించేటప్పుడే "లోపల సెన్సార్లున్నాయండీ" అని చెప్పండి. రబ్బరు వాల్వ్ ఉన్న సెన్సార్లూ ఉంటాయి కాబట్టి పైకి చూసి పనివాడికి తెలియకపోవచ్చు.

కానీ నేను చూసే విరిగిన వాల్వ్‌లలో చాలావాటికి కారణం మూత. స్టైల్‌గా ఉంటుందని మెటల్ క్యాప్‌లు పెడతారు. అల్యూమినియం వాల్వ్ మీద అది వానకీ తేమకీ తుప్పు పట్టి పట్టేస్తుంది. గాలి కొట్టించేటప్పుడు పట్టకారుతో తిప్పితే వాల్వ్‌తో సహా ఊడి వస్తుంది. ప్లాస్టిక్ మూత చాలు. లోపలి పిన్ను కూడా నికెల్ పూత ఉన్నదే వేయాలి, మామూలు ఇత్తడిది అల్యూమినియం వాల్వ్‌లో అలాగే పట్టేస్తుంది. పంక్చర్ కోసం పోసే ద్రవం, అదీ సెన్సార్‌కి సరిపడేదని రాసి లేనిది, సెన్సార్ రంధ్రాన్ని మూసేస్తుంది. దారిలో తప్పనిసరై పోశారంటే, షాపుకి వచ్చినప్పుడు ఆ మాట చెప్పండి, లోపల కడిగిస్తాం.

అపోహ: లైటు లేదంటే గాలి బాగున్నట్టే

అమెరికా నిబంధన ప్రకారం స్టిక్కర్ మీది అంకె కంటే 25 శాతం తగ్గాకే లైటు వెలగడం తప్పనిసరి. 33 ఉండాల్సిన టైరు 25 దగ్గరికి దిగాక అన్నమాట. 28 దగ్గర ఉన్న టైరు నెలల తరబడి అలాగే తిరిగినా లైటు నోరెత్తకపోవచ్చు. నాలుగింట్లోనూ మెల్లగా సమానంగా తగ్గితే ఇన్‌డైరెక్ట్ వ్యవస్థలు కొన్ని అసలే పట్టుకోలేవు. నెలకోసారి, దూర ప్రయాణానికి ముందు ఒకసారి గేజి పెట్టించండి.

చివరగా సెన్సార్ల ఆయుష్షు. లోపలి బ్యాటరీ మార్చడానికి వీలుండదు, సాధారణంగా అయిదు నుంచి పదేళ్లు పనిచేస్తుంది. కారుకి ఏడెనిమిదేళ్లు నిండి ఒక సెన్సార్ పోయిందంటే మిగతా మూడూ దాని వెనకే ఉన్నాయి. కొత్త టైర్లు వేయించే రోజు నాలుగూ కలిపి మార్పిస్తే టైరు విప్పే కూలీ ఒక్కసారితో పోతుంది. నాలుగేళ్ల కారైతే పోయిన ఒక్కటే మార్పించండి, మిగతా వాటికి కొత్త సీలు, నట్టు, పిన్ను ఉన్న చిన్న కిట్ వేయించండి.