‘స్వీట్ మాగ్నోలియాస్’ ముగ్గురూ ఒకే ఊళ్లో కలిసి ఎలా పెరిగారు?

లాక్‌డౌన్‌లో జనం ఇళ్లలో బిక్కుబిక్కుమంటూ కూర్చున్న రోజుల్లో, 2020 మే 19న, నెట్‌ఫ్లిక్స్‌లో ‘స్వీట్ మాగ్నోలియాస్’ సీరీస్ మొదలైంది. అమెరికా దక్షిణాదిన, సౌత్ కరోలినా రాష్ట్రంలో సెరెనిటీ అనే ఊరు. ఊరు కల్పితం. అక్కడ మ్యాడీ, డేనా స్యూ, హెలెన్ అనే ముగ్గురు చిన్ననాటి స్నేహితురాళ్లు. మ్యాడీ భర్త డాక్టర్. తన దగ్గర పనిచేసే నర్సుతో సంబంధం పెట్టుకుని సంసారాన్ని కూల్చుకున్నాడు. డేనా స్యూ రెస్టారెంట్ నడుపుతుంది. హెలెన్ లాయర్. ముగ్గురూ కలిసి ఒక పాత ఇంటిని బాగుచేయించి స్పా తెరుస్తారు. వీలున్న రాత్రి ఒకరింట్లో కూర్చుని, మార్గరీటా అనే కాక్‌టెయిల్ గ్లాసులు పట్టుకుని మనసులో ఉన్నదంతా కక్కేస్తారు.

షెరిల్ వుడ్స్ 2007 నుంచి రాసిన నవలలు దీనికి ఆధారం. వాటిని తెరకెక్కించే బాధ్యత షెరిల్ జె. ఆండర్సన్ తీసుకున్నారు. జోఅన్నా గార్సియా స్విషర్, బ్రూక్ ఎలియట్, హెదర్ హెడ్లీ ప్రధాన పాత్రధారులు. 2025 ఫిబ్రవరి నాటికి నాలుగు సీజన్లు వచ్చాయి, ఆ తర్వాత ఐదోది కూడా ప్రకటించారు.

చూసేవాళ్లలో ఒక వర్గానికి ఇది హాయి. రెండో వర్గానికి మరీ పంచదార పాకం. ఈ రెండు మాటల్లోనూ నిజముంది. నాకు ఆసక్తి కలిగించింది మాత్రం వేరే సంగతి. ముగ్గురిలో హెలెన్ నల్లజాతి మహిళ, మిగతా ఇద్దరూ తెల్లవాళ్లు. ఈ స్నేహం ఎప్పటినుంచో ఉన్నదే, ఊరి మట్టిలోనే పుట్టిందే అన్నట్టు సీరీస్ నడిచిపోతుంది. జాతి గురించిన చర్చ కథ నడిమధ్యకు రాదు. కానీ సౌత్ కరోలినా చరిత్ర తిరగేస్తే, ఈ ముగ్గురి జీవితంలో మామూలుగా కనిపించే ప్రతి విషయమూ నిన్నమొన్నటిదే అని తెలుస్తుంది. విడాకులు, వ్యాపారం, చర్చి, బడి, ఏది తీసుకున్నా అంతే.

ముందు విడాకులు. మ్యాడీ కథ మొదలయ్యేదే అక్కడ. అమెరికాలో అన్ని రాష్ట్రాల కంటే ఆఖరున విడాకులు ఒప్పుకున్నది సౌత్ కరోలినానే. అంతర్యుద్ధం తర్వాతి ప్రభుత్వం 1872లో చట్టం తెస్తే, ఆ ప్రభుత్వం పోగానే 1878లో దాన్ని రద్దు చేశారు. 1895 నాటి రాజ్యాంగంలో ఏకంగా నిషేధమే రాసేశారు. మొగుడు ఎలాంటివాడైనా ఆడది భరించాల్సిందే. తమాషా ఏమిటంటే, పెళ్లయిన మగవాడు తన ఉంపుడుగత్తెకు ఆస్తిలో పావు వంతుకు మించి రాసివ్వకూడదని అదే రాష్ట్రంలో పాత చట్టం ఒకటి ఉండేది. అంటే తప్పు జరుగుతుందని ప్రభుత్వానికి తెలుసు, లెక్క కూడా కట్టింది. భార్యకు బయటికి వెళ్లే దారి మాత్రం ఇవ్వలేదు. 1948లో జనం ఓటేశాక, 1949లో గానీ విడాకులు చట్టబద్ధం కాలేదు. అప్పుడు కూడా అక్రమ సంబంధం, వదిలేసి పోవడం, కొట్టడం, తాగుడు లాంటి కారణాలు రుజువు చేయాలి. ఎవరి తప్పూ చూపకుండా, విడిగా ఉన్నామన్న కారణంతో విడిపోయే వీలు 1969లో వచ్చింది. మూడేళ్లు వేరుగా ఉండాలన్న ఆ షరతును 1979లో ఏడాదికి తగ్గించారు. మ్యాడీ వయసు ఆడవాళ్లు పుట్టిన కాలం అది.

ఆ తర్వాత స్పా. ముగ్గురు ఆడవాళ్లు తమ పేర్ల మీద వ్యాపారం పెట్టడం సీరీస్‌లో సరదాగా, గోడలకు రంగులు ఎంచుకుంటూ సాగిపోతుంది. ఆడ, మగ అన్న తేడాతోనో, పెళ్లి అయిందా లేదా అన్న లెక్కతోనో అప్పు నిరాకరించకూడదని అమెరికా చట్టం చేసింది 1974లో. వ్యాపార రుణానికి మగ బంధువు సంతకం పెట్టాలన్న రాష్ట్రాల నిబంధనలు పోయింది 1988లో. ఆడవాళ్ల ఓటు హక్కు సవరణను సౌత్ కరోలినా శాసనసభ లాంఛనంగా ఆమోదించిందెప్పుడో చూస్తే నవ్వొస్తుంది: 1969. దేశమంతా అమల్లోకి వచ్చిన దాదాపు యాభై ఏళ్లకు. జ్యూరీలో ఆడవాళ్లను కూర్చోనిచ్చింది కూడా అంతకు రెండేళ్ల ముందే. హెలెన్ లాంటి లాయర్ ఆ కోర్టు హాల్లో లేచి నిలబడడం వెనక ఇంత ఉంది.

మార్గరీటాకూ ఒక కథ ఉంది. 1973 నుంచి 2005 చివరిదాకా సౌత్ కరోలినా బార్లలో మద్యాన్ని విమానాల్లో ఇచ్చే చిన్న సీసాల్లోంచే పోయాలి. పెద్ద సీసా వంచడానికి వీల్లేదు. మితంగా తాగిస్తారని ఆ చట్టం తెస్తే, బార్లలో పోసే కొలత కంటే ఆ చిన్న సీసాలోనే ఎక్కువ మందు ఉండేది.

ఇక అసలు ప్రశ్న. ఈ ముగ్గురూ చిన్నప్పటి నుంచి కలిసి ఎలా తిరిగారు? నలభైల్లో ఉన్న ఆడవాళ్లు కాబట్టి 1970ల చివర పుట్టి ఉంటారు, 1980లలో బడికి వెళ్లి ఉంటారు. వాళ్ల అమ్మల తరానికి అదే ఊళ్లో ఈ స్నేహం సాధ్యమయ్యేది కాదు. అప్పట్లో తెల్ల పిల్లలకు, నల్ల పిల్లలకు వేర్వేరు బడులు.

ఈ కథ సౌత్ కరోలినాలోనే, క్లారెండన్ కౌంటీలో, ఒక బస్సు కోసం మొదలైంది. 1940ల చివర ఆ కౌంటీలో తెల్ల పిల్లలను బడికి తీసుకెళ్లడానికి 30 బస్సులు ఉండేవి. నల్లజాతి పిల్లలకు ఒక్కటి కూడా లేదు. సంఖ్యలో చూస్తే వాళ్లే చాలా ఎక్కువ. ఒక తెల్ల పిల్లవాడి చదువుకు ఏడాదికి 179 డాలర్లు, నల్ల పిల్లవాడికి 43 డాలర్లు ఖర్చు పెట్టేవారు. 1948లో లీవై పియర్సన్ అనే రైతు బస్సు కోసం కోర్టుకెక్కాడు. సాంకేతిక కారణంతో ఆ కేసు కొట్టేశారు. పాస్టర్, టీచర్ అయిన జోసెఫ్ డిలేన్ మరో కేసు కోసం ఊరూరా తిరిగి తల్లిదండ్రుల సంతకాలు పోగు చేశాడు. అందులో మొదటి పేరు హ్యారీ బ్రిగ్స్‌ది. పెట్రోల్ బంకులో పనిచేసే ఆ మనిషి ఉద్యోగం పోయింది. మోటల్‌లో పనిచేసే అతని భార్య ఎలైజాకు కూడా అదే గతి. 1955లో డిలేన్ చర్చిని తగలబెట్టారు, ఆయన రాష్ట్రం వదిలి పారిపోవాల్సి వచ్చింది.

‘బ్రిగ్స్ వర్సెస్ ఎలియట్’ అన్న ఆ కేసును వాదించింది తర్వాత సుప్రీంకోర్టు జడ్జి అయిన థర్గుడ్ మార్షల్. 1951లో ముగ్గురు జడ్జీల బెంచిలో ఇద్దరు వ్యతిరేకంగా తీర్పిచ్చారు. చార్ల్స్‌టన్‌కు చెందిన తెల్లజాతి జడ్జి వేటీస్ వేరింగ్ ఒక్కడే, పిల్లలను వేరు చేయడమే అసమానత అని విడిగా రాశాడు. సొంత ఊరి పెద్దమనుషులు ఆయన్ను వెలివేసినంత పని చేశారు. బడుల్లో పిల్లలను జాతిని బట్టి వేరు చేయడం చెల్లదని 1954లో వచ్చిన, బ్రౌన్ కేసుగా పేరుపడ్డ సుప్రీంకోర్టు తీర్పులో కలిసిన ఐదు కేసుల్లో ఈ బస్సు కథ నుంచి పుట్టిన కేసు ఒకటి.

తీర్పు వచ్చింది కానీ బడి తలుపు తెరుచుకోలేదు. రాష్ట్రంలో తెల్లవాళ్ల బడుల్లో నల్ల పిల్లలు మొదటిసారి అడుగుపెట్టింది 1963లో, అదీ గుప్పెడు మంది. ‘ఎవరికి నచ్చిన బడిలో వాళ్లు చేరవచ్చు’ అన్న పేరుతో ఇంకా ఏళ్లు సాగదీశారు. నచ్చిన బడిలో చేరితే నాన్న ఉద్యోగం ఊడుతుందని అందరికీ తెలుసు. చివరికి 1970లో కోర్టులు గట్టిగా పట్టుకున్నాయి. ఆ మార్చి 3న లామర్ అనే చిన్న ఊళ్లో సుమారు 200 మంది తెల్లవాళ్లు గొడ్డలి కర్రలు, గొలుసులు, ఇటుకలు పట్టుకుని నల్ల పిల్లలు వచ్చిన స్కూలు బస్సుల మీద పడ్డారు. పోలీసులు పిల్లల్ని బయటికి తీసిన కాసేపటికే రెండు బస్సుల్ని తిరగదోశారు. ఊరి పరిమాణంలో చూస్తే లామర్ కూడా సెరెనిటీ లాంటిదే.

ఆ తర్వాత ఏం జరిగిందంటే, చాలా ఊళ్లలో తెల్లవాళ్లు తమ పిల్లల్ని తీసుకుని కొత్త ప్రైవేటు బడులకు వెళ్లిపోయారు. కేసు పుట్టిన క్లారెండన్‌లోనే 1965లో అలాంటి బడి ఒకటి వచ్చింది, ప్రభుత్వ బడి దాదాపుగా నల్ల పిల్లలకే మిగిలింది. కాబట్టి 1980లలో ముగ్గురు ఆడపిల్లలు కలిసి పెరగాలంటే చట్టం మారితే చాలదు. మ్యాడీ అమ్మ, డేనా స్యూ అమ్మ కూడా ఫలానా బడికి ఫీజు కట్టకూడదని నిర్ణయించుకుని ఉండాలి. అలాంటి కుటుంబాలు ఉన్నాయి, అలాంటి ఊళ్లూ ఉన్నాయి. సీరీస్‌లో ఆ అమ్మల నిర్ణయం మీద కథ ఉండి ఉంటే నేను మార్గరీటా సీన్లు రెండు వదులుకునేవాణ్ణి.

చర్చి సంగతి కూడా ఇలాగే ఉంటుంది. సెరెనిటీ చర్చికి పాస్టర్ జూన్ అనే నల్లజాతి మహిళ. ట్రేసీ బోనర్ ఆ పాత్ర వేశారు. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ పక్కపక్కన కూర్చుని ఆమె ప్రసంగం వింటారు. దక్షిణాదిన అతి పెద్ద ప్రొటెస్టెంట్ సంఘమైన సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్ 1845లో పుట్టిందే బానిసత్వం మీద ఉత్తరాదివాళ్లతో తెగదెంపులు చేసుకుని. అందుకు క్షమాపణ చెప్పింది 1995లో. 2023లో ఆడ పాస్టర్లను పెట్టుకున్నారని కాలిఫోర్నియాలోని సాడిల్‌బ్యాక్ అనే చాలా పెద్ద చర్చిని బయటికి పంపింది. దక్షిణాదిన సంఘాలన్నీ ఇలాగే ఉంటాయని కాదు. కానీ జూన్ పాస్టర్ పాత్ర చాలామందికి కల లాంటిది.

టెలివిజన్‌కు ఈ తీపి ఊరి అలవాటు కొత్తేం కాదు. 1960లో సీబీఎస్ టీవీ చానెల్లో ‘ఆండీ గ్రిఫిత్ షో’ మొదలైంది. నార్త్ కరోలినాలో మేబెరీ అనే ఊరు, తుపాకీ పెట్టుకోని మంచి షెరిఫ్. అదే ఏడాది ఫిబ్రవరిలో అదే రాష్ట్రంలో, గ్రీన్స్‌బరోలో, నలుగురు నల్లజాతి విద్యార్థులు తెల్లవాళ్లకు మాత్రమే టిఫిన్ పెట్టే కౌంటర్ దగ్గర కూర్చుని లేవలేదు. దేశాన్ని కదిలించిన ఉద్యమం అక్కడ ఊపందుకుంది. మేబెరీ దాకా మాత్రం ఆ గాలి రాలేదు. ఎనిమిది సీజన్లు, 249 ఎపిసోడ్లలో చెప్పుకోదగ్గ మాటలున్న నల్లజాతి పాత్ర ఒక్కటే వచ్చింది, అదీ 1967లో. 1971లో సీబీఎస్ పల్లెటూరి సీరియళ్లన్నిటినీ ఒక్క దెబ్బతో ఆపేసింది. నగరాల్లో ఉండే కుర్రకారు ప్రకటనదారులకు కావాలి, అదీ లెక్క.

ఆడవాళ్ల స్నేహం చుట్టూ తిరిగే దక్షిణాది కథలు 1980లలో ఊపందుకున్నాయి. 1986లో ‘డిజైనింగ్ విమెన్’ వచ్చింది, అట్లాంటాలో ఇళ్లు అలంకరించే నలుగురు ఆడవాళ్ల కథ. నలుగురూ తెల్లవాళ్లే. వాళ్లతో పనిచేసే ఆంథనీ ఒక్కడే నల్లజాతి. మరుసటి ఏడాది లూసియానాకు చెందిన రాబర్ట్ హార్లింగ్, డయాబెటిస్‌తో చనిపోయిన చెల్లెలి జ్ఞాపకంగా ‘స్టీల్ మాగ్నోలియాస్’ నాటకం రాశాడు. బ్యూటీ పార్లర్‌లో ఆరుగురు ఆడవాళ్లు. 1989లో సినిమాగా తీస్తే ఆరుగురూ తెల్ల తారలే. 2012లో టీవీకి మళ్లీ తీసినప్పుడు ఆరుగురూ నల్ల తారలే. ఒకే పార్లర్‌లో రెండు జాతుల ఆడవాళ్లను పక్కపక్కన కూర్చోబెట్టడానికి ఆ రెండుసార్లూ ఎవరికీ చేయి రాలేదు. హెలెన్ పాత్ర ప్రత్యేకత ఇక్కడ తెలుస్తుంది. ఆమె పనిమనిషి కాదు, సలహాలిచ్చే పక్క పాత్ర కాదు, ముగ్గురిలో ఒకతె. ఆ వరకు సీరీస్‌కు మార్కులు వేయాల్సిందే.

సౌత్ కరోలినా ఊరని చూపేది నిజానికి జార్జియాలో, అట్లాంటాకు తూర్పున ఉన్న కోవింగ్టన్. జార్జియా 2008లో సినిమాలకు 30 శాతం దాకా పన్ను రాయితీ ప్రకటించాక షూటింగులన్నీ అటు మళ్లాయి. అంతకుముందే కోవింగ్టన్ టీవీకి అలవాటైన ఊరు, ఆ తర్వాత ‘వాంపైర్ డైరీస్’ తీసింది కూడా అక్కడే. ఆ ఊరి కూడలిలో అంతర్యుద్ధంలో బానిసత్వం కోసం పోరాడిన దక్షిణాది పక్షపు (కాన్ఫెడరేట్) సైనికుడి విగ్రహం 1906 నుంచి ఉంది. సీరీస్ మొదలైన రెండు నెలలకు, జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి వ్యక్తి పోలీసు చేతిలో హత్యకు గురయ్యాక దేశమంతా అట్టుడుకుతుంటే, కౌంటీ కమిషనర్లు దాన్ని తీసేయాలని ఓటేశారు. వద్దన్నవాళ్లు కోర్టుకెళ్లారు. ఆ గొడవ 2022లో జార్జియా సుప్రీంకోర్టు దాకా నడిచింది.

అట్లాంటా చుట్టుపక్కల మన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. నగరానికి ఉత్తరాన కమ్మింగ్, దాని చుట్టూ ఉన్న ఫోర్సైత్ కౌంటీ అంటే మంచి బడులని పేరు, ఇళ్లు కొనేవాళ్ల మొదటి ఎంపిక. 1912లో అక్కడి నల్లజాతి జనాన్ని, సుమారు 1,100 మందిని, మూకలు తరిమేశాయి. చాలామంది పొలాలు, ఇళ్లు వదిలేసి పోయారు. 1987 జనవరిలో పౌరహక్కుల నాయకుడు హోసియా విలియమ్స్ నాయకత్వంలో కొద్దిమంది శాంతియాత్ర చేస్తే రాళ్లు పడ్డాయి, వారం తర్వాత సుమారు 20 వేల మంది నడిచారు. అప్పటిదాకా, అంటే డెబ్బై అయిదేళ్ల పాటు, ఆ కౌంటీ దాదాపు పూర్తిగా తెల్లవాళ్లదే. మన పిల్లలు ఇప్పుడు బస్సెక్కే సందులు అవే.

సౌత్ కరోలినాలో ఇంకో రెండు తేదీలు మిగిలాయి. వేర్వేరు జాతులవాళ్లు పెళ్లి చేసుకోకూడదన్న వాక్యాన్ని ఆ రాష్ట్ర రాజ్యాంగం నుంచి తీసేయడానికి జనం ఓటేసింది 1998లో. సుప్రీంకోర్టు దాన్ని చెల్లనిదిగా చేసి అప్పటికి 31 ఏళ్లు. ఓటేసిన ప్రతి పదిమందిలో సుమారు నలుగురు ఆ వాక్యం ఉండాల్సిందే అన్నారు. ఇక శాసనసభ ఆవరణలో ఎగిరిన కాన్ఫెడరేట్ జెండా దిగింది 2015 జులై 10న. అంతకు మూడు వారాల ముందు చార్ల్స్‌టన్‌లో ఒక నల్లజాతి చర్చిలో, బైబిల్ చదువుకుంటున్న తొమ్మిది మందిని ఒక తెల్లజాతి యువకుడు కాల్చి చంపాడు.