ఎసట్లో ఏ నీళ్లు పోస్తున్నారు? ఫ్లోరైడ్ మీద అపోహలు, వాస్తవాలు

"క్యాను నీళ్లే తాగుతున్నాం కదా నాయనా, మళ్లీ ఈ సీసాలెందుకు?"

ఉదయగిరి, వరికుంటపాడు, పామూరు, కనిగిరి వైపు ఏ ఊళ్లో అడుగుపెట్టినా ముందుగా వినిపించే మాట ఇదే. ఒంట్లోకి ఫ్లోరైడ్ ఎక్కువగా చేరి పళ్లను, ఎముకలను దెబ్బతీసే జబ్బు ఫ్లోరోసిస్. దాని నివారణ కార్యక్రమంలో నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఊరి నీళ్లు, పిల్లల మూత్రం నమూనాలు సీసాల్లో తెచ్చి, వాటిలో ఫ్లోరైడ్ ఎంత ఉందో అయాన్ మీటరు అనే పరికరం మీద కొలవడం నా పని. ఆ మాట అన్నవాళ్ల మీద నాకు కోపం లేదు. పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలు చూసి భయపడి, కూలి డబ్బుల్లోంచి తీసి నీళ్లు కొంటున్నవాళ్లు వాళ్లు. తాగే నీళ్లు మారితే చాలని వాళ్లను నమ్మించినవాళ్ల మీదే నా కోపం.

మొన్న వేసవికి ముందు ఒక ఇంటికి వెళ్లాను. వసారాలో బల్ల మీద నీలం క్యాను, దాని మీద బోర్లించిన స్టీలు గ్లాసు. ఊళ్లోకి నీళ్లు శుద్ధి చేసే ఆర్ఓ ప్లాంటు వచ్చి ఆరేళ్లయింది. ఆ ఇంటి పాపకు ఐదేళ్లు. అంటే పుట్టినప్పటి నుంచి తాగుతున్నవి ప్లాంటు నీళ్లే. పెద్దవాళ్ల మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా కనిపిస్తే నేను వెంటనే ఇప్పటి నీళ్లను తప్పుపట్టను. ఎముకల్లో ఏళ్ల తరబడి పేరుకున్నది నీళ్లు మార్చాక కూడా మెల్లగా బయటికి వస్తూనే ఉంటుంది. ఐదేళ్ల పిల్లకు అంత పాత నిల్వ ఎక్కడిది? అయినా ఆ పాప సీసాలో వచ్చిన అంకె, నేరుగా బోరు నీళ్లే తాగే పక్క పల్లె పిల్లల అంకెలకు దగ్గరగా ఉంది. మీటరు తప్పు చూపిస్తోందేమోనని మళ్లీ సరిచేసి కొలిచాను. అదే అంకె.

వారం తర్వాత వంట వేళకు వెళ్లాను. పొయ్యి పక్కన బిందె. పాప నాయనమ్మ అందులో చెంబు ముంచి ఎసరు పెట్టింది. పప్పు గిన్నెలోకీ అదే చెంబు, టీలోకీ అదే చెంబు.

"అవి ఏ నీళ్లు అవ్వా?"

"బోరువే నాయనా. వీటితో పప్పు వెన్నలాగా ఉడుకుతుంది. అయినా బాగా మరిగితే ఏ రోగమైనా చస్తుంది కదా. క్యాను నీళ్లు తాగడానికే చాలవు."

ఒక్క గుక్కలో ఆమె చెప్పిన ఈ మాటలే నాకు జిల్లా అంతటా ఎదురవుతున్నాయి. అందుకే వీటి దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

ముందు అన్నం లెక్క. గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు పోస్తాం. అత్తెసరు పెడితే ఆ రెండు గ్లాసుల్లో ఉన్న ఫ్లోరైడ్ అంతా మెతుకుల్లోనే ఉండిపోతుంది. గంజి వారిస్తే కొంత పోతుంది, కానీ బియ్యం పీల్చుకున్నది పోదు. ఆ గంజి తాగేస్తే అదీ లేదు. పొలం పని చేసే మనిషి రోజంతా కలిపి అరకిలో బియ్యం అన్నం తింటాడనుకుందాం. దాని వెంట కడుపులోకి వెళ్లే నీళ్లు లీటరుకు తక్కువ ఉండవు. బోరులో లీటరుకు 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటే ఆ నాలుగూ కంచంలోంచే వచ్చాయి. పప్పు, చారు, సంకటి, టీ దీనికి అదనం. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు సర్దుకోవచ్చని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. ఆ చివరి హద్దులో ఉన్న నీళ్లు రెండు లీటర్లు తాగినా ఒంట్లోకి చేరేది 3 మిల్లీగ్రాములు. క్యాను నీళ్లు తాగుతూ బోరు నీళ్లతో వండుకునే మనిషికి అంతకన్నా ఎక్కువ అన్నంలోనే చేరుతోంది.

ఇక మరిగించడం. మరిగితే చచ్చేది క్రిమి. ఫ్లోరైడ్ క్రిమి కాదు, ఉప్పులాంటిది. ఉప్పు నీళ్లు కాచితే ఉప్పు ఆవిరైపోతుందా? నీరు తగ్గుతుంది, ఉప్పదనం పెరుగుతుంది. రెండు లీటర్లు కాచి లీటరుకు దించితే ఫ్లోరైడ్ చిక్కదనం రెట్టింపు. పసిపిల్లలకని శ్రద్ధగా, ఎక్కువసేపు కాచే తల్లులను చూస్తే నాకు ప్రాణం విలవిలలాడుతుంది. తల్లిపాలలో ఫ్లోరైడ్ చాలా తక్కువ. తల్లి బోరు నీళ్లు తాగినా పాలలోకి పెద్దగా దిగదు. అదే పాలపొడిని ఆ కాచిన బోరు నీళ్లలో కలిపితే బిడ్డ తాగే ప్రతి చుక్కలోనూ ఫ్లోరైడే.

పప్పు ఉడకడం గురించి అవ్వ చెప్పింది మాత్రం నిజం, చిక్కంతా అక్కడే ఉంది. మన మెట్ట ప్రాంతంలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న నీళ్లలో తరచుగా కాల్షియం తక్కువ, క్షారగుణం ఎక్కువ. అలాంటి నీళ్లలో పప్పు తొందరగా మెత్తబడుతుంది. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నాలుకకు తియ్యగా తగిలే నీళ్లను, పప్పు ఉడికే నీళ్లను మంచి నీళ్లని పెద్దలు ఎంచుకున్నారు. వాళ్లను తప్పుపట్టలేం.

ఫ్లోరైడ్ ఉన్న పల్లెల్లో శుద్ధి చేసిన నీళ్లు మనిషికి రోజుకు 8 నుంచి 10 లీటర్లు అందాలని కేంద్రం తాగునీటి పథకం జల్ జీవన్ మిషన్ లెక్క. అది తాగడానికీ వంటకూ కలిపి వేసిన లెక్క. నలుగురున్న ఇంటికి ఇరవై లీటర్ల క్యాన్లు రెండు కావాలి. చాలా ఇళ్లలో ఒకటే కొంటారు. రెండోది కొనలేనివాళ్లకు నేను చెప్పేది ఇది: ఉన్న క్యానులో ముందు ఎసరుకు, పప్పుకు, పిల్లల పాలకు తీసిపెట్టండి. వానాకాలంలో శుభ్రమైన కప్పు మీది నీళ్లు, మొదటి జల్లు వదిలేసి, పట్టుకుని వండండి. స్నానానికి, గిన్నెలకు, బట్టలకు బోరు నీళ్లు నిశ్చింతగా వాడుకోండి. చర్మం గుండా ఫ్లోరైడ్ లోపలికి పోదు. బియ్యం ఆ నీళ్లతో కడిగి పారబోస్తే భయం లేదు, నానబెట్టవద్దు.

మిగతా అపోహలు తొందరగా చెబుతాను.

ఫ్లోరోసిస్‌ను వంశపు జబ్బు అంటారు. మా తాతది పొదిలి వైపు ఊరు. వెనక నుంచి ఎవరైనా పిలిస్తే మెడ తిరగక మనిషి మొత్తం తిరిగేవాడు. మా ఇంటి శాపం అనేవారు. సముద్రం వైపు ఊరి నుంచి కోడలిగా వచ్చిన మా నాయనమ్మకు ఆ వంశంతో ఏ సంబంధం? ఆమె కూడా చివరి రోజుల్లో చాప మీద నుంచి లేవడానికి గోడ పట్టుకునేది. పళ్లు మాత్రం కడదాకా మల్లెమొగ్గలే. పళ్లు తయారయ్యే చిన్న వయసులో ఫ్లోరైడ్ తగిలితేనే చారలు పడతాయి. అందుకే పళ్లు తెల్లగా ఉన్నంత మాత్రాన ఎముకలు బాగున్నాయని అనుకోవద్దు.

పటిక తిప్పితే ఫ్లోరైడ్ పోదు. నల్గొండ పద్ధతిలో పటికతో పాటు సున్నం కూడా కొలిచి కలిపి, కలియబెట్టి, తేరుకోనిస్తారు, అది వేరే సంగతి. లోతుగా బోరు వేస్తే మంచి నీళ్లు పడతాయన్న హామీ లేదు, ఇది రాతి నుంచి దిగే పదార్థం. చింతపండు సంగతి అందరూ అడుగుతారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు మగపిల్లలకు రోజుకు 10 గ్రాముల చింతపండు పెట్టి చూస్తే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయింది. మంచి విషయమే. కానీ చారు బోరు నీళ్లతో కాచి, చింతపండు మందు అనుకుంటే ఎలా? వంగిపోయిన వెన్నును ఏ పులుసూ నిలబెట్టదు. నీళ్లు మార్చడం మాత్రం ఎప్పుడూ వృథా కాదు; ఉన్నది ముదరకుండా ఆగుతుంది.

"పరిశోధన అంటారు, మూత్రం పట్టుకుపోతారు, మనకు ఒరిగేదేమీ లేదు." ఈ మాట మాత్రం నన్ను గుచ్చుతుంది, ఎందుకంటే ఇందులో కొంత నిజం ఉంది. ఏళ్ల క్రితం నేను పనిచేసిన ఒక సర్వేలో ఒక కాలనీ పిల్లలందరి నమూనాలు తీసుకున్నాం. ఫలితాలు ఆ ఇళ్లకు చేరలేదు. తర్వాత అటు వెళితే ఒక తండ్రి "మా వాడి సంగతి ఏమైంది?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. అప్పటి నుంచి ప్రతి ఇంటి అంకె చీటీ మీద రాసి నేనే ఇచ్చి వస్తున్నాను.

అయినా ఆ సీసాలు వృథా అని ఒప్పుకోను. దేశంలో మనుషులకు వచ్చే ఫ్లోరోసిస్‌ను వైద్యలోకానికి వివరించింది మన దగ్గరి రోగులను చూసే. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, వారి సహచరులు నెల్లూరు జిల్లా మనుషులను పరీక్షించి ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో రాశారు. అప్పట్లో కనిగిరి, పొదిలి, దర్శి కూడా నెల్లూరు జిల్లావే. అంతవరకు ఆ నొప్పులను వాతమనో, వయసనో, కర్మ అనో సరిపెట్టుకున్నారు. నీళ్ల వైపు వేలు చూపించింది అలాంటి పరిశోధనే. 2008-09లో కేంద్రం ఫ్లోరోసిస్ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు తొలి విడతలోనే నెల్లూరు ఉంది. ఇదంతా ప్రజల డబ్బుతో జరిగే పని. కనుక మీ పిల్లల అంకె అడిగి తీసుకోండి. ఇష్టం లేకపోతే నమూనా ఇవ్వనని చెప్పండి. దానికీ పింఛనుకూ, రేషన్ కార్డుకూ ముడి లేదు.

ఆ పాప ఇంట్లో ఇప్పుడు రెండు క్యాన్లు ఉన్నాయి, ఒకటి వసారాలో, ఒకటి పొయ్యి దగ్గర. నాలుగు నెలల తర్వాత పాప సీసాలో అంకె దిగింది. చీటీ చూపిస్తే అవ్వ చదవలేదు కానీ, రెండు చీటీలూ పక్కపక్కన పెట్టుకుని "ఏది పాతది?" అని అడిగింది.

మీ బోరు నీళ్లు పరీక్షకు తెచ్చేవాళ్లు గాజు సీసాలో కాక శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో తేవాలి. మోటారు ఐదు నిమిషాలు నడవనిచ్చి, ఆ నీళ్లతోనే సీసాను మూడుసార్లు కడిగి నింపండి. ఊరు, వీధి, బోరు లోతు, తేదీ సీసా మీద రాయండి. ప్లాంటు నీళ్లు కూడా ఇంకో సీసాలో తెండి, ఫిల్టర్లు పాడైన ప్లాంట్లు ఉంటాయి.