నీళ్లు పైనుంచి వచ్చాయి: ఎలికాట్ సిటీ స్టేషన్ వెనక కథ

అమెరికాలో నిలిచి ఉన్న రైల్వే స్టేషన్లలో అన్నిటికంటే పాతది మేరీల్యాండ్‌లోని ఎలికాట్ సిటీ స్టేషన్. 1831 నాటి రాతి కట్టడం. దాని రైల్వే చరిత్ర చాలామందికి తెలిసిందే కాబట్టి అక్కడికి వెళ్లను. వరదల పేరు మీద ఆ ఊరి దిగువ మెయిన్ స్ట్రీట్‌లో పాత భవనాలు కూల్చాలా వద్దా అన్న గొడవ లేచినప్పుడల్లా అసలు సంగతి ఒకటి పక్కకు పోతోంది. ఈ స్టేషన్ మీదికి నీళ్లు వచ్చే వైపు మారింది.

1972లో ఆగ్నెస్ తుఫానుకు పెటాప్‌స్కో నది పొంగి కింది నుంచి ఊళ్లోకి ఎక్కింది. పాత వరదల మట్టాలు స్టేషన్ పక్కనున్న రైలు వంతెన దగ్గర గుర్తు పెట్టి ఉన్నాయి. ఊరి భయమంతా నదివైపే ఉండేది.

2016 జూలై 30 రాత్రి రెండు గంటల్లో దాదాపు 6 అంగుళాల వాన పడింది. కొండ మీంచి దిగే టైబర్, హడ్సన్ వాగులు ఊళ్లో ఇరుకు కాలవల్లో, చాలాచోట్ల దుకాణాల కిందుగానే పారుతాయి. అవి పట్టకపోయేసరికి వీధే వాగైంది. నదివైపు దిగే ఆ వీధి వాలు చివర ఉన్నది స్టేషన్. దాని దగ్గరి నిలువు గడియారం కొట్టుకుపోయింది. వెతికి తెచ్చి, బాగుచేసి నిలబెడితే 2018 మే 27న మళ్లీ పోయింది. మొదటిసారి ఇద్దరు, రెండోసారి ఒకరు చనిపోయారు.

అదే ఏడాది ఆగస్టులో ఆ ఊరున్న హోవార్డ్ కౌంటీ (జిల్లా లాంటిది) ఎన్నికైన పెద్ద అలన్ కిటిల్‌మన్ దిగువ వీధిలో 10 భవనాలు తీసేసి వాగును వెడల్పు చేస్తామన్నారు. ప్రాణాలకంటే గోడలు ఎక్కువా అన్నది ఆయన పక్షం వాదన. పాత కట్టడాలను కాపాడే ప్రిజర్వేషన్ మేరీల్యాండ్ లాంటి సంస్థలు ఒప్పుకోలేదు. వీధి కింది కొసను తెరిచినంత మాత్రాన పైనుంచి దూసుకొచ్చే నీటి ఉరవడి తగ్గదు కదా. కొండ మీదే నీటిని ఆపాలి, మిగిలినదాన్ని ఊరి పక్కగా మళ్లించాలి అన్నది వాళ్ల మాట. ఊళ్లో తిరిగి చూస్తే ఈ మాటలోనే పస కనిపిస్తుంది. పైన ఇళ్లు, పార్కింగ్ స్థలాలు పరుచుకున్న నేల వానను ఇంకించుకోవడం ఎప్పుడో తగ్గింది.

నవంబరు ఎన్నికల్లో కిటిల్‌మన్ ఓడిపోయారు. గెలిచిన కాల్విన్ బాల్ 2019లో ఇంకో దారి పట్టారు. కొండ కింద దాదాపు మైలు పొడవున, 18 అడుగుల వ్యాసంతో సొరంగం. వరదను పడమటి వైపే పట్టుకుని నేరుగా పెటాప్‌స్కోలో వదలాలి. కూల్చే భవనాలు నాలుగు. సొరంగం పని తీరేదాకా, పైన కట్టిన వరద చెరువులు ఆపగలిగినంత ఆపితే మిగతాదంతా ఇప్పటికీ స్టేషన్ గుమ్మం వైపే వస్తుంది.