డైమండ్ కోటింగ్: జారేది గ్రాఫైట్ వల్లా, తేమ వల్లా?

పంపు డ్రై రన్ అయితే, అంటే లోపల నీరు లేకుండా తిరిగితే, సీల్ ముఖానికి (నీరు బయటికి కారకుండా ఒకదానిపై ఒకటి రాసుకునే రెండు ముఖాలకు) వేసిన డైమండ్ కోటింగ్ ఎంతసేపు తట్టుకుంటుంది? ఈ వాదన లేచిన ప్రతిసారీ ఒక పాత మాట వినిపిస్తుంది. రాపిడికి వజ్రం పైపొర గ్రాఫైట్‌గా మారి నూనెలా జారుతుందని, చివరికి అదే అరిగిపోతుందని. పెన్సిల్ ముల్లు జారడం చూసినవాళ్లకు ఇది వెంటనే నచ్చుతుంది. నాకైతే ఇది తప్పుదారి పట్టించే మాట అనిపిస్తుంది.

ఈ కోటింగ్ వాయువుల నుంచి పెంచే వజ్రపు పొర. ఈ గొడవకు అసలు మలుపు 2008లో వచ్చింది. అమెరికాలో రాబర్ట్ కార్పిక్ తదితర పరిశోధకులు బంతికీ, పలకకూ అతి సన్నని గింజల వజ్రపు పూత వేసి, గాలిలో తేమను మారుస్తూ ఒకదానిపై ఒకటి రుద్దారు. తర్వాత అరిగిన గాడిలో పైపొరను మాత్రమే ఎక్స్‌రేలతో పరీక్షించారు. గ్రాఫైట్ తరహా బంధాలు దాదాపు లేవు. లోడ్ (నొక్కే బరువు) బాగా ఎక్కువగా, తేమ బాగా తక్కువగా ఉన్నచోట కూడా కనిపించింది ఒక్క అణుపొరకన్నా తక్కువే. రాపిడికి తెగిన కార్బన్ బంధాలు ఎదుటి ముఖాన్ని పట్టుకోబోతాయి. గాలిలోని నీటి ఆవిరి ఆ లోపే వాటి కొసలు మూసేస్తుంది. జారుడు అక్కడి నుంచే వస్తోంది.

నిజానికి 1966లోనే కేంబ్రిడ్జిలో బౌడెన్, హాన్వెల్ అనే పరిశోధకులు ఒక సూచన ఇచ్చారు. గట్టి శూన్యంలో వజ్రంపై వజ్రాన్ని పదేపదే రుద్దితే ఘర్షణ గుణకం (జారడానికి ఎదురయ్యే అడ్డు ఎంతో చెప్పే అంకె) 0.1 దగ్గర నుంచి 0.9 దాకా పెరిగింది. అయినా వాదన తెగలేదు, ఎందుకంటే తేమ లేకపోతే గ్రాఫైట్ కూడా జారదు. రెండో ప్రపంచ యుద్ధంలో గాలి పొడిగా ఉండే బాగా ఎత్తున ఎగిరే విమానాల్లో జనరేటర్ల గ్రాఫైట్ బ్రష్‌లు పొడైపోయింది అందుకే. కాబట్టి కేంబ్రిడ్జి ప్రయోగాన్ని రెండు పక్షాలూ తమదే అనుకున్నాయి.

గ్రాఫైట్ వాదన ఇంతకాలం నిలవడానికి పరికరం కూడా కారణం. కాంతి చెదిరే తీరును బట్టి బంధాలను గుర్తించే రామన్ పరీక్షను మామూలు కాంతితో చేస్తే గ్రాఫైట్ బంధాల సంకేతం వజ్రానికంటే కనీసం 50 రెట్లు బలంగా వస్తుంది. గాడిలో చిటికెడు మసి ఉన్నా పొరంతా మారిపోయినట్టు కనిపిస్తుంది.

అవతలి పక్షం చెప్పేదాంట్లో ఒకటి నిజం. వేడెక్కిన ఇనుములోకి వజ్రపు కార్బన్ కరిగిపోతుంది. అందుకే ఈ కోటింగ్ ఉన్న డ్రిల్లులను స్టీలుకు కాకుండా అల్యూమినియం-సిలికాన్ మిశ్రమాలకు, కార్బన్ ఫైబర్‌కు వాడతారు.

డ్రై రన్‌లో రెండు ముఖాల మధ్య నీటి పొర పోతుంది, ముఖాలు వేడెక్కుతాయి, అంటుకున్న తేమ కూడా ఆవిరవుతుంది. తెగిన బంధాలను మూసే పదార్థం అవసరమైన సమయానికే కరువవుతుంది. టెస్ట్ రిపోర్టులో తేమ శాతం, లోడ్ చెప్పకుండా ఘర్షణ గుణకం 0.05 అని ఒక్క అంకె మాత్రమే ఉంటే, సీల్ ఆ స్థితిలో ఏమవుతుందో దాన్నుంచి తెలియదు.