ఆపదలో జనం వెళ్లే ఊరు

2010 జనవరి 12న, సాయంత్రం ఐదు కావస్తుండగా, హైతీ రాజధాని పోర్టోప్రిన్స్ కింద భూమి కంపించింది. తీవ్రత 7.0. ఇళ్లు, బడులు, ఆసుపత్రులు కూలాయి, అధ్యక్ష భవనం కూడా కుప్పకూలింది. చనిపోయినవారు ఎందరన్న విషయంలో నేటికీ ఏకాభిప్రాయం లేదు. లక్ష నుంచి మూడు లక్షల దాకా అంచనాలున్నాయి. బతికి బయటపడ్డవారిలో లక్షల మంది ఖాళీ జాగా కనబడ్డచోటల్లా దుప్పట్లు, టార్పాలిన్లు కట్టుకుని కూర్చున్నారు. ఇంకొన్ని లక్షల మంది దొరికిన బస్సెక్కి, పడవెక్కి, ఏదీ దొరకనివారు కాలినడకన నగరం విడిచిపోయారు.

టార్పాలిన్ల కింద ఉన్నవారిని ప్రపంచమంతా టీవీల్లో చూసింది. నగరం విడిచినవారు ఎటు వెళ్లారు? ఎక్కడ తల దాచుకున్నారు? ఎన్నాళ్లుంటారు? ఓడల్లో, విమానాల్లో సాయం తెచ్చినవారికి ఆ రోజుల్లో ఈ సంగతి సరిగ్గా తెలియదు.

తెలియకపోతే ఏమవుతుందో కొంచెం లెక్క వేసి చూడాలి. విపత్తు సాయానికి స్ఫియర్ ప్రమాణాలని అంతర్జాతీయంగా కొన్ని కొలతలున్నాయి. మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్లు, 250 మందికి ఒక కుళాయి, 20 మందికి ఒక మరుగుదొడ్డి, రోజుకు 2,100 కిలోకేలరీల తిండి. ఒక ప్రాంతానికి వచ్చినవారి లెక్కలో పదివేల మంది తప్పిపోయారనుకుందాం. అంటే అక్కడ రోజుకు లక్షన్నర లీటర్ల నీళ్లు తక్కువ, 40 కుళాయిలు తక్కువ, 500 మరుగుదొడ్లు తక్కువ. కొన్ని రోజులకే విరేచనాలు మొదలవుతాయి, ముందు పసిపిల్లలు పోతారు. తలల లెక్క తప్పితే దాని ఫలితం ఇంత దూరం వెళుతుంది.

లెక్క కట్టే పాత పద్ధతి కాలినడక పద్ధతే. అంతర్జాతీయ వలస సంస్థ 2004లో ఇరాక్‌లో మొదలుపెట్టి, తర్వాత ఎన్నో దేశాలకు విస్తరించిన నిర్వాసితుల గణన వ్యవస్థ ఇప్పటికీ దీని మీదే నిలబడి ఉంది. గణకులు ఊరూరా, శిబిరం శిబిరం తిరుగుతారు. ఊరిపెద్దను, బడిపంతులును, గుడి లేదా మసీదు పెద్దను, శిబిరం చూసుకునేవారిని కూర్చోబెట్టి అడుగుతారు: ఎన్ని కుటుంబాలు వచ్చాయి, ఎక్కడి నుంచి, ఎప్పుడు, నీళ్లెక్కడివి, పిల్లలు బడికి వెళుతున్నారా, రాత్రిపూట ఆడవాళ్లకు భయం లేకుండా ఉందా. ఒకరు చెప్పింది ఇంకొకరితో సరిచూస్తారు, తామే గుడారాలు లెక్కపెడతారు. కొన్ని వారాలకు మళ్లీ వస్తారు, ఎందుకంటే కిందటి నెల ఉన్నవారు ఈ నెల ఉండకపోవచ్చు. రహదారి కూడళ్లలో, సరిహద్దు దారుల్లో మరికొందరు నిలబడి వచ్చేవారినీ పోయేవారినీ నమోదు చేస్తారు. ఎండలో, వానలో, కొన్నిచోట్ల తుపాకుల మధ్య చేసే పని ఇది. ఉపగ్రహాల గురించీ కృత్రిమ మేధ గురించీ ఎంత మాట్లాడుకున్నా, సాయం లారీ కదలడానికి ముందు ఎవరో ఒకరు పలక పట్టుకుని ఆ ఊరికి వెళ్లి అడిగి ఉంటారు. వారి శ్రమకు దక్కాల్సిన గుర్తింపు దక్కలేదని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

హైతీలో ఈ లెక్కల ప్రకారం 2010 మధ్యనాటికి 15 లక్షల మంది, 1,500కు పైగా శిబిరాల్లో ఉన్నారు. అందులో చిక్కులూ ఉన్నాయి. సాయం గుడారాల దగ్గరే పంచుతారని తెలిశాక కొన్ని కుటుంబాలు రెండుచోట్ల గుడారం వేసుకున్నాయి. ఆకాశం నుంచి తీసిన చిత్రంలో గుడారం కనబడుతుంది, అందులో రాత్రి ఎవరైనా పడుకున్నారో లేదో కనబడదు. పిల్లలకు తిండి పెట్టడానికి తల్లి వేసిన రెండో గుడారాన్ని నేనైతే తప్పుపట్టను. అయితే, శిబిరమే లెక్కకు ఆధారమైతే శిబిరానికి రానివారు లెక్కలోకి రారు. నగరం విడిచి అత్తగారింటికో, అక్కగారింటికో చేరినవారు సరిగ్గా అలా మరుగున పడ్డారు.

స్టాక్‌హోమ్‌లోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన లీనస్ బెంగ్‌ట్సన్, షిన్ లూ, వారితో పనిచేసినవారు మరో ఆధారం వెతికారు. కూలిన నగరంలో కూడా మనుషుల చేతుల్లో సెల్‌ఫోన్లున్నాయి. మనం కాల్ చేసిన ప్రతిసారీ అది ఏ టవర్ గుండా వెళ్లిందో, ఎన్ని గంటలకు వెళ్లిందో బిల్లు కోసం కంపెనీ దగ్గర నమోదవుతుంది. మాటలు అక్కర్లేదు, పేరు అక్కర్లేదు, టవరూ సమయమూ చాలు. రోజులో చివరి కాల్ ఏ టవర్‌ను తాకిందో చూస్తే ఆ రాత్రి ఆ మనిషి ఉన్న ప్రాంతం చాలావరకు తెలుస్తుంది. హైతీలోని పెద్ద కంపెనీ డిజిసెల్ పేర్లు తీసేసిన వివరాలు ఇచ్చింది. భూకంపానికి 42 రోజుల ముందు నుంచి 158 రోజుల తర్వాతి దాకా, 19 లక్షల సిమ్‌కార్డుల కదలికలు.

అయితే సిమ్ అంటే మనిషి కాదు. ఒక ఇంట్లో నలుగురికి ఒకే ఫోను ఉండవచ్చు, ఒకరి దగ్గరే రెండు సిమ్‌లు ఉండవచ్చు. అందుకే ముందుగా మామూలు రోజుల్లో ఒక ప్రాంతంలో ఎన్ని సిమ్‌లు ఉండేవి, అక్కడి జనాభా ఎంత అన్నది పోల్చి ఒక నిష్పత్తి తీస్తారు. ఉదాహరణకు ఒక పేటలో వెయ్యి సిమ్‌లకు ఐదువేల జనం ఉంటే, అక్కడి నుంచి కదిలిన ఒక్కో సిమ్‌ను ఐదుగురి కింద లెక్కవేస్తారు. ఇలా లెక్కించి, భూకంపం నాడు రాజధానిలో ఉన్నవారిలో సుమారు 6 లక్షల 30 వేల మంది 19 రోజుల తర్వాత అక్కడ లేరని తేల్చారు. ఏ జిల్లాకు ఎందరు వెళ్లారో కూడా చెప్పగలిగారు. ఆ తర్వాత ఐక్యరాజ్యసమితి ఇంటింటికీ వెళ్లి చేయించిన సర్వే ఈ జిల్లాల వారీ లెక్కతో బాగా సరిపోయింది. విపత్తు వేళ ప్రభుత్వం వేసుకున్న అంచనా మాత్రం చాలా జిల్లాల విషయంలో వేరుగా ఉంది.

భూకంపం విషయంలో ఈ విశ్లేషణ చాలావరకు ఆలస్యంగా జరిగింది. కానీ అదే ఏడాది అక్టోబరులో కలరా మొదలైనప్పుడు, వ్యాధి సోకిన ప్రాంతం నుంచి జనం ఎటు కదులుతున్నారో, వివరాలు చేతికందిన 12 గంటల్లోపే నివేదిక ఇవ్వగలిగారు.

అదే బృందం ఆ 19 లక్షల సిమ్‌ల మీద మరో ప్రశ్న వేసింది. నాకు అన్నింటికన్నా ఆసక్తిగా అనిపించింది ఈ భాగమే. భయంతో, తొందరలో నగరం విడిచిన మనుషులు ఎటుబడితే అటు చెదిరిపోయారా? 2012లో వారు ప్రచురించిన జవాబు: లేదు. ఎటు వెళ్లారన్నది చాలావరకు ముందే ఊహించదగినది. భూకంపానికి రెండు మూడు వారాల ముందు, క్రిస్మస్‌కూ కొత్త సంవత్సరానికీ ఎక్కడ ఉన్నారో, ఆపద వచ్చాక ఎక్కువమంది అక్కడికే చేరారు.

తెలుగువారికి దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయి విజయవాడ దారి కార్లతో నిండినప్పుడు ఎవరు ఎటు పోతున్నారో మనకు తెలుసు. అమ్మమ్మ ఉన్న ఊరికి, అన్నదమ్ముల వాటా ఇల్లు ఉన్న ఊరికి, వేళకు పోతే ఆకు వేసి అన్నం పెట్టేవారున్న ఊరికి. పండుగకు పిలిచేవారే కష్టంలో తలుపు తీస్తారు. హైతీ జనం పంచుకున్నదీ ఆ బంధుత్వాన్నే. శాస్త్రవేత్తలు దాన్ని టవర్ల లెక్కల్లో చూశారు, అంతే.

దీని వల్ల ఆచరణలో పెద్ద ప్రయోజనముంది. పండుగ రోజుల కదలికల పటం ముందే గీసి ఉంచుకుంటే, భూకంపం వచ్చిన మర్నాడే, ఒక్క కొత్త వివరమూ అందకముందే, ఏ జిల్లా ఆసుపత్రికి మందులు, ఏ మండలానికి బియ్యం పంపాలో తొలి అంచనా దొరుకుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, చుట్టాలింట్లో ఉన్న నిర్వాసితులు కనబడతారు. వారిని చేర్చుకున్న ఇల్లు కూడా పేదదే. ఐదుగురికి వండే గిన్నెలో పదకొండు మందికి వండుతారు, విత్తనానికి దాచిన గింజలు తినేస్తారు. హైతీ పల్లెల్లో సరిగ్గా ఈ ఒత్తిడే పెరిగింది. సాయం రాజధాని శిబిరాల దగ్గర ఎక్కువగా అందుతుంటే, పల్లెకు చేరినవారిలో చాలామంది మళ్లీ శిథిల నగరానికే తిరిగివచ్చారు. బంధువులింటికి బస్తా బియ్యం అందివుంటే వారిలో ఎందరో ఆగిపోయేవారు.

నేపాల్‌లో ఈ పాఠం కొంత పనికొచ్చింది. 2015 ఏప్రిల్ 25న అక్కడ 7.8 తీవ్రతతో వచ్చిన భూకంపంలో దాదాపు 9,000 మంది చనిపోయారు. బెంగ్‌ట్సన్, ఆయన సహచరులు స్థాపించిన ఫ్లోమైండర్ సంస్థ భూకంపానికి ముందే అక్కడి ఎన్‌సెల్ కంపెనీతో కలిసి ఏర్పాట్లు చేసుకుని ఉంది. కోటీ ఇరవై లక్షల ఫోన్ల ఆధారంగా రెండు వారాల్లోపే సహాయ సంస్థలకు నివేదిక చేరింది. కాఠ్‌మాండూ లోయ నుంచి మామూలు కంటే 3 లక్షల 90 వేల మంది ఎక్కువగా బయటికి వెళ్లారని అందులో తేలింది. ‘మామూలు కంటే’ అన్న మాటను ఇక్కడ జాగ్రత్తగా చూడాలి. ఏ నగరం నుంచైనా రోజూ వేలమంది పెళ్లికో, పనికో వెళుతూనే ఉంటారు. వారినీ నిర్వాసితుల్లో కలిపేస్తే లెక్క ఉబ్బుతుంది. అందుకే మామూలు రోజుల కదలికను తీసేసి, మిగిలినదాన్నే లెక్కలోకి తీసుకుంటారు.

ఫోను లేనివారి సంగతి? వారే ఎక్కువ కష్టంలో ఉంటారు. ముసలివారు, పిల్లలు, ఫోను భర్త చేతిలోనే ఉండే స్త్రీలు, టవరే లేని కొండ ఊళ్లవారు. టవర్ కూలినా, చార్జింగ్ అయిపోయినా మనిషి పటం మీది నుంచి మాయమవుతాడు. ఎక్కువ ఫోన్లున్న ఊరు పెద్ద కష్టంలో ఉన్నట్టు, ఫోన్లు లేని ఊరు సుఖంగా ఉన్నట్టు కనబడే ప్రమాదముంది. పలక పట్టుకుని తిరిగే గణకుడు లేకుండా ఈ పటాన్ని ఎవరూ నమ్మకూడదు.

ఇంకో భయం దీనికన్నా లోతైనది. పేర్లు తీసేస్తే చాలునా? 2013లో 15 లక్షల మంది ఫోను కదలికలను పరిశీలించిన పరిశోధకులు, ఒక మనిషి ఎప్పుడు ఎక్కడ ఉన్నాడో నాలుగు సందర్భాలు తెలిస్తే చాలు, నూటికి 95 మందిని గుంపులో విడిగా గుర్తించవచ్చని చూపారు. భూకంపం నుంచి పారిపోయినవారికి దీనితో పెద్ద ముప్పు లేకపోవచ్చు. సైన్యం నుంచి పారిపోయినవారికి ప్రాణాంతకం. బంగ్లాదేశ్‌లో రోహింగ్యాల నుంచి సేకరించిన వేలిముద్రలు, వివరాలు చివరకు వారిని తరిమిన మయన్మార్ ప్రభుత్వానికే చేరాయని, ఇందుకు వారి సమ్మతిని సరిగా తీసుకోలేదని 2021లో హ్యూమన్ రైట్స్ వాచ్ అనే మానవ హక్కుల సంస్థ బయటపెట్టింది. సమ్మతి తీసుకున్నామని ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ వాదించింది. బియ్యం కోసం వరుసలో నిలబడ్డ తల్లి వేలిముద్ర వేయనని ఎలా అనగలదు? ఫోను వివరాలను కంపెనీ సర్వర్ దాటనివ్వకుండా, మండలానికి ఇందరు అన్న మొత్తాలను మాత్రమే బయటికివ్వడం కనీస జాగ్రత్త. దీనికి సడలింపు ఉండకూడదు.

మన దగ్గరా లెక్కలో చేరడమంటే భయపడేవారున్నారు. మావోయిస్టులకు వ్యతిరేకంగా సాయుధ దళాలు కట్టిన సల్వాజుడుం కాలంలో ఛత్తీస్‌గఢ్ ఊళ్లు విడిచి భద్రాద్రి, ములుగు అడవుల్లోకి వచ్చిన గుత్తికోయ ఆదివాసులు దేశం దాటలేదు కాబట్టి శరణార్థులు కారు. అటవీ భూముల నుంచి పదేపదే ఖాళీ చేయించిన అనుభవం ఉన్నవారి దగ్గరికి ఒక కొత్త మనిషి కాగితం పట్టుకుని వస్తే, రేషన్ కార్డు వస్తుందో గుడిసె పోతుందో అన్న సందేహం సహజం. ఆ సందేహం తీర్చకుండా వచ్చే అంకె నిజమైన అంకె కాదు.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు, మన దేశంలో ఎంతమంది సొంత ఊరికి దూరంగా ఉన్నారో చెప్పగల తాజా లెక్క లేదు. ఉన్నది 2011 జనగణన. చిత్రమేమిటంటే, మూడేళ్ల ముందే ఒక చక్కని ప్రయత్నం జరిగింది. 2016–17 ఆర్థిక సర్వే, రిజర్వేషన్ లేని రైలు టికెట్ల నుంచి రాష్ట్రాల మధ్య ఏటా దాదాపు 90 లక్షల మంది వలస వెళుతున్నారని అంచనా కట్టింది. జనగణనల నుంచి వచ్చిన అంచనా అప్పటికి 33 లక్షలే. జనరల్ బోగీలో నిలబడి ప్రయాణించే మనిషి తొలిసారి ఆ లెక్కలో కనిపించాడు. కానీ అంకె పుస్తకంలోనే ఉండిపోయింది, లక్షల మంది జాతీయ రహదారుల మీద నడిచారు. మే 1న వలస కూలీల కోసం వేసిన తొలి శ్రామిక్ రైలు మన లింగంపల్లి నుంచే, సుమారు 1,200 మందితో ఝార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది. ఆ తర్వాత 4,600కు పైగా రైళ్లలో 63 లక్షల మంది వెళ్లారు. దారిలో ఎందరు చనిపోయారని సెప్టెంబరులో పార్లమెంటులో అడిగితే, ఆ వివరాలు లేవని ప్రభుత్వం జవాబిచ్చింది. ఆ జవాబు చదివిన రోజు నాకు ఇంకా గుర్తుంది.

ఇప్పుడు మళ్లీ జనగణన వస్తోంది. తలల లెక్కకు ప్రమాణ తేదీ 2027 మార్చి 1. ఆ సమయానికి ఒడిశాలోని బలంగీర్, నువాపడా, కలహండి నుంచి వచ్చిన కుటుంబాలు తెలంగాణ ఇటుక బట్టీల్లో పిల్లాపాపలతో పనిలో ఉంటాయి. పాలమూరు కూలీలు ముంబయిలో, పుణేలో ఉంటారు. బట్టీ దగ్గరికి వెళ్లే గణకుడు మన బడిపంతులే అవుతాడు. ఎక్కడి నుంచి వచ్చారు, ఎందుకు వచ్చారు అన్న ప్రశ్నలు ఆయన ఫారంలో ఉంటాయి. వినాయక చవితి మర్నాడు పశ్చిమ ఒడిశాలో నువాఖాయి వస్తుంది, కొత్త బియ్యం వండుకునే పండుగ. ఆ రోజు మీరు ఏ ఊళ్లో ఉంటారని కూడా ఆయన అడిగితే బాగుంటుంది.