ఆన్‌లైన్ వనరులు: టీచర్లలో ఉన్న అపోహలు, అసలు సంగతులు

అపోహ: నెట్ లేని బడిలో ఇవేవీ పనికిరావు.

ఉదయగిరి వైపు, కనిగిరి వైపు టీచర్లు తరచూ అనే మాట ఇది. నిజానికి నెట్ కావాల్సింది దించుకునేటప్పుడే. కొలరాడో విశ్వవిద్యాలయంవారి ఫెట్ సిమ్యులేషన్లలో (తెరమీద విలువలు మార్చి చూసే ప్రయోగాలు) తెలుగులోకి వచ్చినవీ ఉన్నాయి. ఒక్కోటి ఒక్క హెచ్‌టీఎంఎల్ ఫైలు. ఇంట్లో దించి పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్తే బడి ల్యాప్‌టాప్‌లో క్రోమ్‌తో తెరుచుకుంటుంది. తోటి టీచరుకు పంపితే లింకు కాదు, ఫైలే పంపండి. పెన్‌డ్రైవ్‌ని నేరుగా టీవీకి పెడితే వీడియోలు ఆడతాయి గానీ చాలా టీవీలు ఈ ఫైలు తెరవవు. ల్యాప్‌టాప్‌ని హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలపాలి.

బడి పాఠాల ప్రభుత్వ యాప్ దీక్షా కూడా అంతే. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ని యాప్‌లోని స్కానర్‌తోనే స్కాన్ చేసి, ముందురోజే డౌన్‌లోడ్ నొక్కండి. పాఠాలు కనబడకపోతే ముందు ప్రొఫైల్‌లో బోర్డు, మీడియం, తరగతి చూసుకోండి. తేడా ఎక్కువగా మీడియం దగ్గరే వస్తుంది.

అపోహ: చూపిస్తే చాలు, పిల్లలకు అర్థమైపోతుంది.

చూపించే ముందు అడగకపోతే అది బొమ్మలాటే. పదో తరగతి ఓమ్ నియమం ఫెట్ సిమ్యులేషన్‌నే తీసుకోండి. వోల్టేజి 4.5 వోల్టులు, నిరోధం 500 ఓమ్‌లు పెడితే కరెంటు 9 మిల్లీ ఆంపియర్లు. ఇక్కడ ఆగండి. నిరోధం 250 చేస్తే ఎంతవుతుందో ప్రతి ఒక్కరూ నోటుబుక్కులో రాయాలి. రాశాకే స్లైడరు జరపండి. 18 వస్తుంది, తెరమీద నిరోధాన్ని చూపే ఆర్ అక్షరం చిన్నదై, కరెంటును చూపే ఐ అక్షరం పెద్దదవుతుంది. 4.5 అని రాసినవాళ్ళుంటే వాళ్ళు నిరోధం తగ్గితే కరెంటూ తగ్గుతుందనుకున్నారన్నమాట. ఆ రోజు పాఠం అక్కణ్ణించి మొదలుపెట్టాలి. వోల్టేజినీ నిరోధాన్నీ ఒకేసారి మార్చకండి, ఏది దేనివల్ల మారిందో పిల్లలకు తెలియదు.

అపోహ: ఆన్‌లైన్ క్విజ్‌కి పిల్లలందరికీ ఫోన్లుండాలి.

ప్లికర్స్ అనే క్విజ్ యాప్‌కి టీచరు ఫోను ఒక్కటి చాలు. పిల్లల చేతుల్లో కాగితం కార్డులుంటాయి. జవాబును బట్టి కార్డు తిప్పి పట్టుకుంటే మీరు కెమెరాతో తరగతినంతా స్కాన్ చేస్తారు. మెరిసే లామినేషన్ వేయించకండి, వెలుతురు పడి కెమెరా చదవదు. నల్లటి గుర్తు మీద వేళ్ళు పడినా అంతే.

అపోహ: నెట్‌లో దొరికిందల్లా జిరాక్స్ తీసుకోవచ్చు.

కుదరదు, లైసెన్సు చూడాలి. ప్రథమ్ బుక్స్‌వారి స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలు క్రియేటివ్ కామన్స్ (షరతులు పాటిస్తే ఉచితంగా వాడుకోనిచ్చే లైసెన్సు) కింద ఉన్నాయి. రచయిత, చిత్రకారుల పేర్లు, లైసెన్సు వివరం ఉంచి ప్రింటు తీసుకోవచ్చు. కథలు 4 చదువు స్థాయిల్లో ఉంటాయి. మూడో తరగతి అని నేరుగా మూడో స్థాయి ఇవ్వకండి; కూడబలుక్కుంటూ చదివే పిల్లలకు ఒకటో స్థాయి కథలే సరిపోతాయి.