జిడ్డు మొహం మీద జింక్ పొర

ఏప్రిల్ నెలాఖరున నెల్లూరులో, మే మొదటి వారంలో ఒంగోలులో మధ్యాహ్నం పన్నెండు దాటిన కాసేపటికి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలువుగా పాతిన కర్రకు నీడ కనిపించదు. ఆగస్టు రెండో వారం ప్రాంతంలో ఇదే మరోసారి జరుగుతుంది. కిరణాలు నిట్టనిలువుగా దిగేటప్పుడు ఓజోన్ పొరలో వాటి దారి తగ్గిపోతుంది కాబట్టి నేలకు చేరే అతినీలలోహిత కిరణాల మోతాదు పెరుగుతుంది. రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగేవారికి, చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో పనిచేసేవారికి, మిట్టమధ్యాహ్నం బండి మీద ఊళ్లు తిరిగేవారికి ఎండ నుంచి చర్మాన్ని కాపాడుకోవడం అవసరం. అయితే సముద్రపు తేమగాలికి తోడు చర్మం కూడా జిడ్డుదైతే, కొన్న సన్‌స్క్రీన్ రాసిన గంటకే మొహం జిగటగా మారుతుంది, మొటిమలు లేస్తాయి. అందుకే కొందరు ఎండను ఆపే తెల్లటి జింక్ ఆక్సైడ్ పొడి తెచ్చి కలబంద గుజ్జులోనో కొబ్బరినూనెలోనో కలుపుకుంటున్నారు. ఎంచుకున్న పదార్థం మంచిదే, చిక్కంతా దాన్ని కలపడంలో ఉంది.

జింక్ ఆక్సైడ్ కిరణాలను అద్దంలా తిప్పికొడుతుందని తరచూ రాస్తుంటారు. నిజానికి అది చేసేది ఎక్కువగా పీల్చుకోవడమే. జింక్ ఆక్సైడ్ ఒక అర్ధవాహకం (సెమీకండక్టర్). దానిలోని ఎలక్ట్రాన్లు పై శక్తిస్థాయికి ఎక్కాలంటే సుమారు 3.3 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. దాదాపు 375 నానోమీటర్ల కంటే పొట్టిగా ఉండే తరంగాలకు ఆ శక్తి ఉంటుంది కనుక వాటిని పీల్చుకుని, ఆ శక్తిని చాలావరకు వేడిగా వదిలేస్తుంది. అతినీలలోహిత కిరణాల్లో అది వెనక్కి మళ్లించేది సగటున 4–5 శాతమే. చర్మాన్ని కమిలించే యూవీ-బి, ఇంకా లోతుకు దిగి ముడతలకు కారణమయ్యే యూవీ-ఎలో అధిక భాగం దీని పరిధిలోకి వస్తాయి. సన్‌స్క్రీన్లలో వాడే మరో తెల్లపొడి టైటానియం డయాక్సైడ్ యూవీ-బిని బలంగా ఆపినా పొడవైన యూవీ-ఎ తరంగాల దగ్గర వెనకబడుతుంది కాబట్టి, ఒక్కదాన్నే ఎంచుకోవలసి వస్తే నేను జింక్‌నే ఎంచుకుంటాను.

పీల్చుకునే పదార్థం కిరణం వచ్చే దారిలో ఉండి తీరాలి. తాటాకు పాకకు సరిపడినన్ని ఆకులు ఉన్నా, వాటిని ఒకేచోట దొంతరగా పేర్చి మిగతా కప్పు వదిలేస్తే వాన లోపలికే పడుతుంది. జింక్ రేణువులూ అంతే. సన్నటి పొడి కావడం వల్ల అవి ఒకదానికొకటి అతుక్కుని గుంపులు కడతాయి. కలబంద గుజ్జులో జింక్ పొడి వేసి చెంచాతో ఎంత నూరినా, ఆ ముద్దలోంచి చిటికెడు తీసి రెండు గాజు పలకల మధ్య నొక్కి కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే, తెల్లని చుక్కలూ వాటి మధ్య నీళ్లలాంటి ఖాళీలూ స్పష్టంగా కనిపిస్తాయి. ఫ్యాక్టరీల్లో ఈ గుంపులను విడదీయడానికి ఒకదానికొకటి ఆనుకుని తిరిగే మూడు రోలర్ల మధ్య పొడిని నూనెతో కలిపి నలుపుతారు, రేణువులు మళ్లీ అతుక్కోకుండా పాలీహైడ్రాక్సీస్టియరిక్ ఆమ్లం వంటివి చేరుస్తారు. కాబట్టి 20 శాతం జింక్ వేశామన్న లెక్క ఒక్కటే ఎంత రక్షణ దొరుకుతుందో చెప్పదు.

జిడ్డు చర్మం దగ్గర ఈ చిక్కు ఇంకొంచెం బిగుసుకుంటుంది, ఎందుకంటే చర్మం నూనె వద్దంటుంది, జింక్ రేణువులు విడివడడానికి మాత్రం నూనెలాంటి ద్రవం ఉంటేనే సుళువు. కొబ్బరినూనె చర్మ రంధ్రాలను మూసేస్తుంది కనుక దానికి బదులు క్యాప్రిలిక్ క్యాప్రిక్ ట్రైగ్లిసరైడ్ వంటి తేలికపాటి ద్రవాలు వాడతారు. జిడ్డును పీల్చడానికి సిలికా కొద్దిగా కలుపుతారు, మోతాదు మించితే పొర ఎండి పగుళ్లిస్తుంది. జెల్ కోసం చిక్కబరిచే కార్బోమర్ వేస్తే జింక్ అయాన్లు తగిలి అది నీళ్లలా పలచబడుతుంది, చిక్కదనానికి జాంతన్ గమ్ అనే జిగురు మేలు. జింక్ పూత మిగిల్చే తెల్లదనాన్ని పోగొట్టే ఐరన్ ఆక్సైడ్ రంగులకు మరో గుణం ఉంది: మంగు మచ్చలను ముదరబెట్టే దృశ్యకాంతిని కూడా అవి కొంత ఆపుతాయి. గూడూరు గనులకు పేరు తెచ్చిన అభ్రకం మాత్రం తళుకే తప్ప చెప్పుకోదగ్గ రక్షణ ఇవ్వదు, జిడ్డు మొహాన్ని మరింత మెరిపిస్తుంది.

నీళ్లు చేరిన మిశ్రమంలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. వాటిని ఆపడానికి వేసే, ఇళ్లలో తేలిగ్గా దొరికే సోడియం బెంజోయేట్ ఆమ్ల గుణం ఉన్నచోటే పనిచేస్తుంది, జింక్ ఆక్సైడ్ కలిసిన మిశ్రమమేమో తటస్థంగానో కాస్త క్షారంగానో ఉంటుంది. పులుపు పెంచుదామని నిమ్మరసం పిండితే జింక్ ఆక్సైడే కరిగి లవణంగా మారిపోతుంది, లవణానికి ఆ కిరణాలను పీల్చే గుణం ఉండదు. ఇంటి లేపనాల్లో నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది ఈ నిమ్మకాయ సలహాయే. సూక్ష్మజీవులను ఆపే ఫీనాక్సీఇథనాల్‌ను 1 శాతం మించకుండా వాడడం దీనికి సరైన దారి.

లేపనం ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె అయిన ఎస్‌పీఎఫ్‌ను ప్రయోగశాలలో చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున కనీసం 10 మంది వీపు మీద పూసి, కృత్రిమ సూర్యకాంతి పడనిచ్చి, మర్నాడు చర్మం ఎర్రబడిన తీరు చూసి లెక్కగడతారు. వంటింట్లో దీనికి ప్రత్యామ్నాయం లేదు. అందువల్ల ఇంట్లో చేసినదాన్ని మిట్టమధ్యాహ్నం ఎండకు నమ్ముకోవద్దనీ, జింక్ ఆక్సైడ్, సిలికా రెండూ ఉన్న పరీక్షించిన లేపనం కొనుక్కోవడం మేలనీ నా అభిప్రాయం. సరదాగా కలిపి చూసేవారు పొడి ఊపిరితిత్తుల్లోకి పోకుండా మాస్కు కట్టుకోవాలి. అమ్మాలనుకుంటే 2020 నాటి సౌందర్య సాధనాల నిబంధనల కింద తయారీ లైసెన్సు తప్పనిసరి. ఏది రాసుకున్నా ముందు మొహం కడిగి ఆరనివ్వాలి, మొహానికి ఒక గ్రాముకు తగ్గకుండా పూయాలి, రెండు గంటలకోసారి మళ్లీ రాసుకోవాలి. చెమట పట్టినప్పుడు రుమాలుతో రుద్దితే పొర ఊడి వస్తుంది కాబట్టి మెత్తటి నూలు గుడ్డతో అద్దుకోవాలి.